చదరంగం గింజల సంఖ్య 18446744073709551615: దాని కారణాంకాలు, దాని స్వభావం

మీ ప్రశ్న సారాంశం ఇది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు అవుతాయని మీ అమ్మాయి తొమ్మిదో తరగతి ప్రాజెక్టులో రాసింది. ఇది ప్రధాన సంఖ్యా కాదా అన్నది మీ మొదటి సందేహం. చాలా పెద్దది అనడం తప్ప దీని గురించి గణితం చెప్పేది ఏమైనా ఉందా అన్నది రెండోది. కంప్యూటర్‌లో వేస్తే చివర సున్నాలు వస్తున్నాయి కాబట్టి ఈ ఇరవై అంకెలూ సరైనవేనని ఎలా నమ్మాలన్నది మూడోది.

మొదటిదానికి జవాబు సంఖ్య చివరే ఉంది. ఒకట్ల స్థానంలో 5 ఉంది కనుక 5తో భాగించబడుతుంది, కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. అంకెల మొత్తం 87, అందువల్ల 3తోనూ భాగించబడుతుంది. ‘రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుంది’ అని మీరు విన్నది సగం మాట. ఘాతాంకం స్వయంగా ప్రధాన సంఖ్య అయితేనే ఆ అవకాశం ఉంటుంది, అప్పుడు కూడా హామీ ఏమీ లేదు. 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. చదరంగం బల్ల మీదే చూస్తే, మొదటి గడి నుంచి వేసుకుంటూ వచ్చిన మొత్తం ప్రధాన సంఖ్య అయ్యేది 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ల దగ్గర మాత్రమే. 31 గళ్ల మొత్తం 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో గణితజ్ఞుడు ఆయిలర్ చూపించాడు. 61 గళ్ల మొత్తం 2305843009213693951 సంగతి 1883లో రష్యాకు చెందిన పెర్వుషిన్ తేల్చాడు. బల్ల నిండడానికి మూడు గళ్ల ముందు ఏ కారణాంకమూ లేని సంఖ్య ఉంది. బల్ల నిండేసరికి అదే వరుస ముక్కలు ముక్కలుగా విడిపోయే సంఖ్యను ఇస్తుంది. ఈ తేడా ఎందుకో చెబితే మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పినట్టే.

గుణశ్రేఢి సూత్రం ప్రకారం మొత్తం 2⁶⁴ − 1. ఇక్కడ 64 అనే ఘాతాంకాన్ని గమనించండి. అది 2⁶. అంటే సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 అని ఎక్కడా బేసి సంఖ్య అడ్డు రాకుండా చివరిదాకా దిగుతుంది. ఎనిమిదో తరగతిలో నేర్చుకునే అ² − 1 = (అ − 1)(అ + 1) అన్న సర్వసమీకరణాన్ని దీనికి వరసగా ఆరుసార్లు వాడవచ్చు. 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). అందులో 2³² − 1 = (2¹⁶ − 1)(2¹⁶ + 1). అలా దిగుతూ వస్తే మిగిలేది ఇది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల సంఖ్యను కాగితం మీద, ఒక్క భాగహారం కూడా చేయకుండా ఆరు ముక్కలు చేశాం. మామూలు ఇరవై అంకెల సంఖ్యను ఎవరైనా చేతికిచ్చి కారణాంకాలు తీయమంటే నేను కూడా కంప్యూటర్ ముందుకే వెళతాను. ఇక్కడ పని సులువు కావడానికి కారణం సంఖ్య పరిమాణం కాదు, దాని పుట్టుక.

ఈ ఆరు సంఖ్యలకూ ఒక పోలిక ఉంది. 2 + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1, 2³² + 1. వీటినే ఫెర్మా సంఖ్యలు అంటారు. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే. ఈ వరసలో ఇక ముందు వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆ నమ్మకాన్ని వరసలో వెంటనే వచ్చే 4294967297 దగ్గరే కూల్చాడు: అది 641 × 6700417. ఫెర్మా అంతటివాడు తన ఊహను అక్కడ ఎందుకు పరీక్షించుకోలేదన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఎందుకంటే ఆ పరీక్షకు కావలసిన పనిముట్టు ఆయన సిద్ధాంతంలోనే ఉంది.

641 ఆ సంఖ్యను భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూడవచ్చు. మీ అమ్మాయికి ఇది తప్పకుండా చూపించండి. 641ని రెండు రకాలుగా రాయండి: 641 = 5 × 2⁷ + 1, అలాగే 641 = 5⁴ + 2⁴ (625 + 16). మొదటి రూపం ప్రకారం 5 × 2⁷ అన్నది 641 కంటే ఒకటి తక్కువ, కాబట్టి దాన్ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కి శేషం 1 అవుతుంది. రెండో రూపం ప్రకారం 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2⁴ × 2²⁸, అంటే −2³²కి శేషం 1. కనుక 2³²కి శేషం −1, 2³² + 1కి శేషం సున్నా. నాలుగు వాక్యాల్లో పని ముగిసింది.

ఇంత తేలిగ్గా ఉంటే 641 అనే సంఖ్య తడుముకోగా దొరికిందా అన్న అనుమానం వస్తుంది. కాదు. 4294967297ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఒకటి ఉందనుకోండి. దానితో 2 ఘాతాలను వరసగా భాగిస్తూ పోతే శేషం మొదటిసారి 1 అయ్యేది సరిగ్గా 64వ ఘాతం దగ్గరే. ఎందుకంటే 32వ ఘాతం దగ్గర శేషం −1. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ 64 ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన సంఖ్యను భాగించాలి. అంటే వెతకవలసింది 64 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యల్లోనే: 193, 257, 449, 577, 641... ఐదోదే తగిలింది. 1878లో ఎడువార్ ల్యూకా దీన్ని ఇంకా బిగించి, 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలపాలని చూపాడు. అప్పుడు జాబితా 257, 641 అని మొదలవుతుంది. రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకు 1 తప్ప సామాన్య భాజకం ఉండదు కాబట్టి 257ని కూడా కొట్టేయవచ్చు. తొలి ప్రయత్నమే 641.

మిగిలిన 6700417 ప్రధాన సంఖ్యా అన్నది కూడా ఇదే దారిలో తేలుతుంది. దాని వర్గమూలం 2588 దాటి కొద్దిగా ఉంటుంది. అంతలోపు 128 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యలు 257 పోగా నాలుగే: 641, 769, 1153, 1409. వాటితో 6700417ని భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. నాలుగు భాగహారాలకు పది నిమిషాలు చాలు.

అలా పూర్తి విభజన:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కసారే. ఏదీ రెండోసారి రాలేదు కనుక ఒకటి కంటే పెద్ద వర్గసంఖ్య ఏదీ దీన్ని భాగించదు. ప్రతి ప్రధాన సంఖ్యనూ తీసుకోవడమా వదలడమా అన్నట్టు లెక్కిస్తే మొత్తం భాజకాలు 2⁷, అంటే 128. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కలిపినా సంఖ్యను అందుకోవు. తనతో సహా కలిపితే సంఖ్యకు సుమారు 1.70 రెట్లు వస్తుంది. 7 ఎందుకు లేదు, 11 ఎందుకు లేదు అని పిల్లలు అడుగుతారు. 2 ఘాతాలను 7తో భాగిస్తే శేషం మూడేసి అడుగులకు ఒకసారి 1 అవుతుంది, 11తో అయితే పదేసి అడుగులకు. 64ను 3 భాగించదు, 10 భాగించదు. ఏ ప్రధాన సంఖ్యకు ఈ అడుగుల లెక్క 2, 4, 8, 16, 32, 64లలో ఒకటి అవుతుందో దానికే ఇక్కడ చోటు. 3కి 2, 5కి 4, 17కి 8, 257కి 16, 65537కి 32. 641, 6700417 రెండింటికీ 64. లోపలికి ఎవరు రావాలో నిర్ణయించేది ఘాతాంకమే.

ఇరుగుపొరుగు సంఖ్యలను కూడా ఒకసారి చూడండి. ఒకటి కలిపితే 2⁶⁴, దానికి 2 తప్ప మరో ప్రధాన కారణాంకం లేదు. రెండు కలిపితే తర్వాతి ఫెర్మా సంఖ్య 18446744073709551617. అది 274177 × 67280421310721 అని లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1880లో విడగొట్టాడు. మన సంఖ్య సర్వసమీకరణంతో క్షణంలో విడిపోయింది. దానికంటే రెండే ఎక్కువైన సంఖ్యను విడగొట్టడం చేత్తో చేసేవారికి గట్టి పరీక్షే అయింది. ఒకటి తీసేయడానికి, ఒకటి కలపడానికి మధ్య ఉన్న దూరం అది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బల్లను అడ్డంగా సగం చేయండి. మొదటి నాలుగు వరుసల 32 గళ్లలో గింజలు 2³² − 1, అంటే 4294967295. ఇందులోని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 65537 మాత్రమే, ఐదూ ఫెర్మా ప్రధాన సంఖ్యలే. 1796లో, పంతొమ్మిదేళ్లు నిండకముందే, గాస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని కనిపెట్టాడు. భుజాల సంఖ్య బేసి అయినప్పుడు అలా గీయగలిగేది ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయినప్పుడే. ‘అప్పుడే’ అన్న భాగానికి పూర్తి నిరూపణ 1837లో వాంట్జెల్ ఇచ్చాడు. 65537 తర్వాత ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. కాబట్టి స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని మనకు తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అతి పెద్దదానికి 4294967295 భుజాలు, అంటే సగం బల్ల గింజలు ఎన్నో అన్ని. బల్ల మొత్తం గింజలన్ని భుజాలున్న బహుభుజిని మాత్రం గీయలేం. 641 అడ్డం వస్తుంది.

ఈ 4294967295కు భాజకాలు 32. వాటిని చిన్నదాని నుంచి రాస్తే 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... ఇప్పుడు మేరు ప్రస్తారం తీసుకోండి. పింగళుడి ఛందస్సూత్రాలకు వ్యాఖ్య రాస్తూ హలాయుధుడు వివరించినదే, బడి పుస్తకాల్లో పాస్కల్ త్రిభుజంగా కనిపిస్తుంది. ప్రతి వరుసలో బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 పెట్టి, ఆ వరుసను ద్విసంఖ్యామానంలో చదవండి. 1 అంటే 1. 1 1 అంటే 3. 1 2 1 అన్నది 101 అవుతుంది, అంటే 5. 1 3 3 1 అన్నది 1111, అంటే 15. 1 4 6 4 1 అన్నది 10001, అంటే 17. 1 5 10 10 5 1 అన్నది 110011, అంటే 51. మొదటి 32 వరుసలూ ఆ 32 భాజకాలను అదే క్రమంలో, ఒక్కటి కూడా వదలకుండా ఇస్తాయి. ఇంకో 32 వరుసలు దిగితే 64వ వరుసలో అన్నీ బేసి సంఖ్యలే, అంటే అరవై నాలుగు ఒకట్లు. ద్విసంఖ్యామానంలో మన సంఖ్య రూపం సరిగ్గా అదే. అయితే ఈ 64 వరుసలు ఇచ్చేది మన సంఖ్య 128 భాజకాల్లో సగాన్నే. 641, 6700417లలో ఒకదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలే భాజకాలు మేరువులో కనిపించవు. వరుసల్లో ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవాలంటే (1 + క)² విస్తరణలో మధ్య పదం సరి సంఖ్య అన్న ఒక్క విషయం పట్టుకుని మీ అమ్మాయినే ప్రయత్నించమనండి.

కాశీ గుడిలో 64 బంగారు బిళ్లలను ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మారుస్తున్నారన్న కథ మీరు విని ఉండవచ్చు. ‘హనోయ్ గోపురం’ అన్న ఆ ఆటను 1883లో బజారులోకి తెచ్చింది పైన చెప్పిన ల్యూకాయే. కావలసిన కదలికలు ఇవే 2⁶⁴ − 1. సెకనుకు ఒక కదలిక చొప్పున దాదాపు 58 వేల కోట్ల సంవత్సరాలు. ప్రాజెక్టులో పరిమాణం గురించి ఒక వాక్యం కావాలంటే ఇది చాలు. బియ్యం బస్తాల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇక అంకెల సంగతి. కంప్యూటర్ లేకుండా ఈ సంఖ్యను రాబట్టడం కష్టమేమీ కాదు. వెయ్యేళ్ల క్రితం అల్ బిరూనీ ఇదే లెక్కను 16తో మొదలుపెట్టి వర్గం మీద వర్గం చేసి సాధించాడు: 16, 256, 65536, 4294967296, చివరికి దాని వర్గం. ఆ ఆఖరి వర్గం ఒక్కటే చెమట పట్టించేది. 4294967296ను 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. మొదటిదాని వర్గం 1844616601, దాని పక్కన పది సున్నాలు. రెండింటి లబ్ధానికి రెట్టింపు 5780591808, దాని పక్కన ఐదు సున్నాలు. రెండోదాని వర్గం 4528751616. మూడూ కూడితే 18446744073709551616, ఒకటి తీసేస్తే మన సంఖ్య.

సరిచూసుకోవడానికి రెండు పరీక్షలు చేయండి. 2⁶⁴ − 1ని 9తో భాగిస్తే శేషం 6 రావాలి. అంకెల మొత్తం 87, అందులో 9లు తీసేస్తే 6. సరిపోయింది. 11తో భాగిస్తే శేషం 4 రావాలి. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాల మొత్తం 25, తేడా 37, అందులో 33 తీసేస్తే 4. ఇదీ సరిపోయింది. పక్కపక్క అంకెలు తారుమారైనా, 0 ఉన్నచోట 9 పడినా మొదటి పరీక్ష కనిపెట్టలేదు, రెండోది పట్టుకుంటుంది.

మన దగ్గర ఈ సంఖ్యకు ఒక పద్యం కూడా ఉంది. పదకొండో శతాబ్దపు తెలుగు గణితకారుడు పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న చంపకమాల. ఒక్కో అంకెకూ ఒక్కో మాట, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు వెళుతూ: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. పై రెండు పరీక్షలూ దీనికి పెట్టి చూడండి, ఇరవై అంకెలూ నిలబడతాయి. ఏ రాతగాడైనా పొరపాటున ఒక మాట మారిస్తే చాలాసార్లు గణమో యతో చెడి వెంటనే తెలిసిపోతుంది. శేషం పరీక్ష లెక్కలో చేసే కాపలాను ఇక్కడ ఛందస్సు చేస్తోంది. ప్రాజెక్టులో ఈ పద్యం లేకపోతే అది మీ అమ్మాయి ఉపాధ్యాయులకే లోటు.

చదివేటప్పుడు ఇబ్బంది లేకుండా: 1,84,467 కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్ల 95 లక్షల 51 వేల 615.

చివరిది కంప్యూటర్ సున్నాల సంగతి. స్ప్రెడ్‌షీట్లు సాధారణంగా 15 అంకెల వరకే ఉంచుకుని మిగతా చోట సున్నాలు పెడతాయి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో వేస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. అక్కడ సంఖ్యలను దశాంశ బిందువు కదిలే రూపంలో 53 బిట్ల (0, 1 అనే ద్విసంఖ్యామాన అంకెల) కచ్చితత్వంతో దాస్తారు. మన సంఖ్యకు 64 బిట్లు కావాలి. ఇంత పెద్ద సంఖ్యల దగ్గర ఆ పద్ధతికి ప్రతి 2048కి ఒక సంఖ్య మాత్రమే తెలుసు, కాబట్టి మన సంఖ్యను పక్కనున్న 2⁶⁴కు సర్దేస్తుంది. విచిత్రం ఏమిటంటే, గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకంగా దాస్తే ఇదే సంఖ్య ఆ పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య, తేడా లేకుండా ఇమిడిపోతుంది. పైథాన్‌లో 2**64 - 1 అని కొట్టండి, పద్యంలోని ఇరవై అంకెలే వస్తాయి. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే కొన్ని ప్రోగ్రాములు సున్నా తప్ప మిగతా 64 బిట్ల అమరికలన్నిటినీ తిరిగి మొదటికి వస్తాయి. వాటి చుట్టు పొడవు కూడా ఈ సంఖ్యే. ఆ చుట్టు మధ్యలో తెగిపోవడం లేదని నిరూపించాలంటే ఈ సంఖ్యను మన ఏడు ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి, ఆ ఏడు భాగఫలాల దగ్గర మొదటి అమరిక తిరిగి రాలేదని చూస్తే చాలు. ఆయిలర్ 1732లో పట్టుకున్న 641తో ఆ ప్రోగ్రాములు రాసేవారికి నేటికీ పని ఉంది.